పెట్రోగ్రాడ్ 1917: పన్నెండు సీట్ల చెక్కబల్ల (ప్రాజెక్టు డైరీ)

జూన్ 2

ఈసారి చెక్కతో ఒక ఎన్నికల ఫలితం కడుతున్నాను. 1917లో రష్యా రాజ్యాంగ సభకు జరిగిన ఎన్నికల్లో పెట్రోగ్రాడ్ రాజధాని నియోజకవర్గం ఫలితం. గోడకు తగిలించే బల్ల, దాని మీద ఓట్లకు తగ్గ పొడుగున కోసిన పట్టీలు. ఎవరికి ఎన్ని సీట్లు వచ్చాయో చూసేవాళ్ళు చేత్తో తేల్చుకోవాలి. మా ఊరి గ్రంథాలయంలో ప్రదర్శనకు ఒక గోడ ఇస్తామన్నారు, దానికోసం.

ఆ ఎన్నికల గురించి మన పుస్తకాల్లో సాధారణంగా ఒక్క వాక్యమే ఉంటుంది: బోల్షివిక్కులకు మెజారిటీ రాలేదు, సభ కూడిన మర్నాడే దాన్ని రద్దు చేశారు. దేశం మొత్తం చూస్తే అది నిజమే. వాళ్ళకు వచ్చింది సుమారు నాలుగో వంతు ఓట్లు. రైతుల మద్దతున్న సోషలిస్టు రివల్యూషనరీలు, అంటే ఎస్సార్లు, వాళ్ళకంటే చాలా ముందున్నారు. రాజధానిలో మాత్రం కథ తలకిందులు. పెట్రోగ్రాడ్ నగరంలో బోల్షివిక్కులదే మొదటి స్థానం, ఎస్సార్లది మూడో స్థానం. మధ్యలో కాడెట్లు, అంటే రాజ్యాంగ ప్రజాస్వామ్యవాదులు: వకీళ్ళు, ప్రొఫెసర్లు, ఆస్తిపరుల పార్టీ. ఆ ఓట్లు సీట్లుగా ఎలా మారాయన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు కావలసింది అదే.

ముందు హద్దులు. పెట్రోగ్రాడ్ అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్. 1914లో జర్మన్ వాసన పోవాలని పేరు మార్చారు. 1917 ఎన్నికల్లో నగరం ఒక నియోజకవర్గం, చుట్టూ ఉన్న పెట్రోగ్రాడ్ గుబేర్నియా (మన జిల్లాకన్నా పెద్దది, రాష్ట్రం లాంటిది) వేరే నియోజకవర్గం. రెండిటి అంకెలూ కలిపేసిన పట్టికలు కొన్నిచోట్ల కనిపిస్తాయి, వాటిని పక్కన పెట్టేశాను. నేను తీసుకున్నది నగరం మాత్రమే. సీట్లు 12, పోటీలో ఉన్న జాబితాలు 19.

పోలింగు నవంబరు 12, 13, 14. ఇది పాత క్యాలెండరు, ఇప్పటి లెక్కలో నవంబరు 25 నుంచి 27. ఈ డైరీలో ఆనాటి తేదీలన్నీ పాత క్యాలెండరువే. అక్టోబరు 25న బోల్షివిక్కులు అధికారం పట్టిన మూడు వారాలలోపే ఈ ఓటింగు జరిగింది.

పోలైన ఓట్లు 9,42,333. అందులో:

బోల్షివిక్కులు: 4,24,027
కాడెట్లు: 2,46,506
ఎస్సార్లు: 1,52,230
మిగతా పదహారు జాబితాలూ కలిపి: 1,19,570

సీట్లు వరసగా 6, 4, 2. మిగతా పదహారింటికి సున్న.

జూన్ 4

బల్ల పక్కన పెట్టే కార్డు కోసం ఓటింగు పద్ధతి రాసుకున్నాను. మన దగ్గర నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు. మనకు అదే అలవాటు కాబట్టి చూసేవాళ్ళు మొదట ఇక్కడే తడబడతారు. పెట్రోగ్రాడ్‌లో ఓటరు మనిషికి కాదు, జాబితాకు వేశాడు. పార్టీ తన అభ్యర్థులను వరస నంబర్లతో ఒక కాగితం మీద ఇస్తుంది. ఓటరు తనకు నచ్చిన జాబితా కాగితాన్ని కవరులో పెట్టి పెట్టెలో వేస్తాడు. మూడు సీట్లు వస్తే జాబితాలో పైనున్న ముగ్గురు సభకు వెళ్తారు. ఓటరు వరస మార్చడానికి లేదు.

ఒకే మనిషి ఐదు నియోజకవర్గాల దాకా నిలబడవచ్చు. లెనిన్ పెట్రోగ్రాడ్‌లోనూ నిలబడ్డాడు, చివరికి బాల్టిక్ నౌకాదళం ప్రతినిధిగా ఉండడానికి నిర్ణయించుకున్నాడు. అలా ఖాళీ అయిన చోటికి జాబితాలో తరవాతి పేరు వస్తుంది. ఉప ఎన్నిక గొడవ లేదు.

ఈ చట్టం రాయడానికి మే నెలలో ఒక ప్రత్యేక మండలి కూర్చుంది. దానికి ముందు నిలిచినవాడు న్యాయశాస్త్రవేత్త, కాడెట్ నాయకుడు ఫ్యోదర్ కోకోష్కిన్. ఇరవై ఏళ్ళు నిండిన అందరికీ ఓటు, ఆడవాళ్ళకు కూడా. సైనికులకు పద్దెనిమిదికే. 1917లో ఇది మామూలు విషయం కాదు, బ్రిటన్‌లో అప్పటికి ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటు లేదు. అయితే రష్యాలోనూ అది ఊరికే రాలేదు. మార్చి 19న మహిళా హక్కుల నాయకురాలు పొలిక్సేనా షీష్కినా-యావెయిన్, పాత విప్లవకారిణి వేరా ఫిగ్నెర్ ముందు నడవగా వేలమంది ఆడవాళ్ళు ఊరేగింపుగా తావ్రిచెస్కీ భవనానికి (పాత పార్లమెంటు భవనం) వెళ్ళి ఆ హామీ రాబట్టుకున్నారు. నగరంలో పోటీపడిన పందొమ్మిది జాబితాల్లో మహిళల సమానహక్కుల లీగ్‌ది కూడా ఒకటి. దానికి సీటు రాలేదు.

చట్టం తయారీలో జాప్యం వల్లే ఎన్నికలు సెప్టెంబరు 17 నుంచి నవంబరు 12కు వాయిదా పడ్డాయి. ఆ మధ్యలో ఏం జరిగిందో తెలిసిందే. చట్టం ఎంత నిక్కచ్చిగా ఉండాలని తాపత్రయపడ్డారో, అంత సమయం వాళ్ళ చేతుల్లో లేదు. నాకైతే ఆ మండలి మీద కోపం కంటే జాలే ఎక్కువ.

జూన్ 7

సీట్లు పంచిన పద్ధతి డీ హోంట్‌ది. విక్టర్ డీ హోంట్ బెల్జియం న్యాయవాది, 1899లో ఆ దేశం దీన్ని మొదట చట్టంలో పెట్టింది. పద్ధతి చాలా సులువు. ఒక్కో జాబితా ఓట్లను 1తో, 2తో, 3తో అలా వరసగా భాగించుకుంటూ పోవాలి. వచ్చిన అంకెలన్నీ ఒకచోట వేసి పెద్దవి పన్నెండు ఏరాలి. ఏ జాబితా అంకెలు ఎన్ని ఉంటే దానికి అన్ని సీట్లు.

బోల్షివిక్కులవి: 4,24,027, 2,12,013, 1,41,342, 1,06,007, 84,805, 70,671, 60,575.
కాడెట్లవి: 2,46,506, 1,23,253, 82,169, 61,627, 49,301.
ఎస్సార్లవి: 1,52,230, 76,115, 50,743.

పెద్దవాటి నుంచి దిగుతూ వస్తే పదకొండో సీటు 70,671తో బోల్షివిక్కులకు, పన్నెండోది 61,627తో కాడెట్లకు. ఆ తర్వాత వరసలో నిలబడింది 60,575, అది బోల్షివిక్కుల ఏడో అంకె. వెయ్యి తేడాలో పోయింది.

ఇది చూశాకే బల్ల కట్టాలన్న ఆలోచన గట్టిపడింది. బోల్షివిక్కులకు ఇంకో 7,359 ఓట్లు పడి ఉంటే ఏడో సీటు వాళ్ళదే, కాడెట్లు మూడు దగ్గర ఆగేవారు. తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు పడిన నగరంలో అది ఒక శాతం కూడా కాదు.

జూన్ 8

కొలబద్ద సంగతి తేల్చాలి. ఒక మిల్లీమీటరుకు వెయ్యి ఓట్లంటే లెక్క హాయిగా ఉంటుంది: పొడుగైన పట్టీ 424 మి.మీ., బల్ల చిన్నది, మోయడం తేలిక. కాని ఆ కొలతలో కాడెట్ల నాలుగో పట్టీ 61.6, బోల్షివిక్కుల ఏడో పట్టీ 60.6. తేడా ఒక మిల్లీమీటరు. నా చేతిరంపం ఒక్కో కోతకు సరిగ్గా అంతే చెక్కను పొట్టు చేస్తుంది. గరుకు కాగితం మీద నాలుగుసార్లు ఎక్కువ రుద్దితే పెట్రోగ్రాడ్ చివరి సీటు చేతులు మారుతుంది.

అందుకని ఒక మిల్లీమీటరుకు 500 ఓట్లు. బోల్షివిక్కుల మొదటి పట్టీ 848 మి.మీ. అవుతుంది, బల్ల మీటరు దాకా పెరుగుతుంది, కాని చివరి రెండు పట్టీల తేడా 2.1 మి.మీ. కంటికి ఆనుతుంది, వేలికి తగులుతుంది. 250 ఓట్లకు ఒక మిల్లీమీటరు పెడితే ఇంకా బాగుండేది గాని, అప్పుడు దాన్ని గోడకు కాదు, గుడి ధ్వజస్తంభానికి కట్టాలి.

కొలతల పట్టిక (మి.మీ.లో):

ఎరుపు (బోల్షివిక్కులు): 848.1, 424.0, 282.7, 212.0, 169.6, 141.3, 121.2
ఆకుపచ్చ (కాడెట్లు): 493.0, 246.5, 164.3, 123.3, 98.6
పసుపు (ఎస్సార్లు): 304.5, 152.2, 101.5

ఆకుపచ్చ నేను ఎంచుకున్నది కాదు, కాడెట్లు ఆ రంగే వాడేవారు. ఎస్సార్ల జెండా కూడా ఎరుపే గాని, బల్ల మీద రెండు ఎరుపులు పెడితే అయోమయం. అందుకే పసుపు.

జూన్ 14

అడితికి వెళ్ళాను. అంగుళం వెడల్పు బీడింగ్ పట్టీలు, టేకువి. పదిహేను పట్టీలకు కలిపి నాలుగు మీటర్ల దాకా కావాలి, విరుగుడికి ఇంకో రెండు కలిపి తీసుకున్నాను. సిల్వర్ ఓక్ చవక, కాని మొన చితికిపోతుంది. ఇక్కడ మొనే ముఖ్యం.

వానాకాలంలో చెక్క ఉబ్బి కొలత మారిపోతుందేమోనని అడితి మేస్త్రి గారిని అడిగాను. ఆయన పట్టీ చేతిలోకి తీసుకుని, "అడ్డంగా ఉబ్బుద్ది గానండీ, పొడుగు పెరగదు. పొర ఎటు పోతే అటు కదలదు," అన్నారు. పట్టీలన్నీ పొర వెంటే పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆ 2.1 మి.మీ.కి వచ్చిన భయం లేదు.

కోత విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి పట్టీనీ గీతకు అర మిల్లీమీటరు అవతల కోసి, గాజుపలక మీద అతికించిన గరుకు కాగితంపై నిలువుగా రుద్ది కొలతకు తేవడం. కొలవడానికి స్టీలు స్కేలు చాలదు, వెర్నియర్ తీశాను. 848 మి.మీ. పట్టీకి వెర్నియర్ అందదు. దానికి టేపే గతి. అయినా దాన్ని సవాలు చేసే పట్టీ చుట్టుపక్కల ఏదీ లేదు, అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఏ సీటూ కదలదు. 121.2, 123.3 పట్టీల దగ్గర మాత్రం ప్రాణం పెట్టాను.

జూన్ 21

పట్టీలన్నీ ఒకే నేలగీత మీద నిలబెట్టాను: ఎరుపు ఏడు, ఆకుపచ్చ ఐదు, పసుపు మూడు. వాటి ముందు అడ్డంగా ఒక దారం. దారం రెండు కొసలూ పక్కకమ్మీల మీద జారే బిళ్ళలకు కట్టి ఉంటాయి. దారాన్ని పైనుంచి కిందికి దించుకుంటూ వస్తే ఒక్కో పట్టీ తల పైకి కనబడుతుంది. పన్నెండు తలలు కనబడగానే ఆపాలి. దారం దాటినవన్నీ సీట్లు, దాని కింద ఉన్నవాళ్ళు ఇంటికి.

దారం మందమే చిక్కు. 121.2కీ 123.3కీ మధ్య ఇమడాలి. ట్వైన్ దారం లావైపోయింది, రెండిటినీ కప్పేస్తోంది. గాలానికి కట్టే నైలాను దారం సరిపోయింది.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, సెలవుల్లో వచ్చాడు. దారాన్ని పదిసార్లు పైకీ కిందికీ ఆడించి అడిగాడు: "మామయ్యా, ఇంకొంచెం దించితే ఈ ఎర్రది కూడా వస్తుంది కదా?"

"వస్తుందిరా. కాని అప్పుడు కుర్చీలు పదమూడు కావాలి."

"అయితే దారం ఎత్తంటే ఏంటి?"

ఈ ప్రశ్న వేస్తారనే దారం పెట్టాను. దారం ఎత్తు అంటే సీటు ధర. 122 మి.మీ. దగ్గర దారం ఉందంటే, ఆ రోజు పెట్రోగ్రాడ్‌లో ఒక్కో సీటు ఖరీదు 61,000 ఓట్లన్నమాట. ఆ ధరకు బోల్షివిక్కుల ఓట్లతో 6.95 సీట్లు కొనవచ్చు. ముక్కలు అమ్మరు కాబట్టి ఆరు. కాడెట్ల ఓట్లతో 4.04, అంటే నాలుగు. ఎస్సార్లవి 2.50, రెండు. కాడెట్లు తమ ఓట్లు దాదాపు ఏవీ వృథా పోనివ్వలేదు, బోల్షివిక్కులు ఒక సీటుకు సరిపడా ఓట్లు చేతిలో పట్టుకుని ఇంటికెళ్ళారు. అయినా 45 శాతం ఓట్లకు వాళ్ళకు సగం సీట్లు దక్కాయి. కాడెట్లకు 26 శాతం ఓట్లకు మూడో వంతు సీట్లు. ఆ మిగులు ఎక్కణ్ణుంచి వచ్చిందో తరవాత పట్టీలు చెబుతాయి.

జూన్ 22

పదహారు చిన్న జాబితాలు. వీటిని వదిలేస్తే బల్ల అబద్ధం చెప్పినట్టే. 1,19,570 ఓట్లంటే ఎనిమిదిమందిలో ఒకరి ఓటు, అది దేనికీ అక్కరకు రాలేదు. ప్లెఖానోవ్ 'యెదీన్‌స్త్వో' గుంపు, మెన్షివిక్కులు (బోల్షివిక్కుల నుంచి విడిపోయిన మెత్తటి మార్క్సిస్టులు), పాపులర్ సోషలిస్టులు, ఆర్థడాక్సు పారిష్‌లు (చర్చి సంఘాలు), కోసాక్కుల సంఘం, ఇందాకటి మహిళల లీగ్. ఎవరికి వాళ్ళు వేరుగా నిలబడ్డారు. ప్లెఖానోవ్ అంటే రష్యాలో మార్క్సిజానికి ఆద్యుడు, లెనిన్‌కు ఒకప్పటి గురువు. ఆయన జాబితా ఈ గుంపులో ఎక్కడో మునిగిపోయింది.

ఈ పదహారింటినీ కలిపి ఒక బూడిదరంగు పట్టీ చేశాను: 239.1 మి.మీ. అది బల్ల మీద ఉండదు, కింద ఒక కొక్కేనికి వేలాడుతుంది. కావాలంటే తీసి నిలబెట్టి చూడొచ్చు. నిలబెడితే దారం దాటి ఒక సీటు తెచ్చుకుంటుంది, అప్పుడు కాడెట్ల 123.3 పట్టీ కిందకి పోతుంది. దాన్ని సగం చేస్తే 119.6. ఎరుపు ఏడో పట్టీ కన్నా పొట్టిది. అంటే పదహారు పార్టీలూ పగలు మరిచి ఒక్కటైనా వచ్చేది ఒక్క సీటే. కోసాక్కులూ మార్క్సిస్టులూ పారిష్ పూజారులూ ఒక జాబితా మీద సంతకం పెట్టడం ఎలాగూ కల్ల, కాని లెక్క తెలిస్తే మంచిదే.

పెద్ద జాబితాల వైపు మొగ్గే పద్ధతి ఇదని డీ హోంట్‌కు పేరుంది, ఇక్కడది స్పష్టంగా కనబడుతుంది. సీటుకు ఓట్లు నేరుగా భాగించి (9,42,333ను 12తో, అంటే 78,528), మిగులు ఎక్కువున్నవాళ్ళకు మిగతా సీట్లు ఇచ్చే పద్ధతైతే కాడెట్లకు నాలుగోది దక్కేది కాదు. వాళ్ళ మిగులు పదకొండు వేల లోపే. ఆర్థడాక్సు పారిష్‌ల జాబితా ఒక్కటే ఆ గీత దాటింది అనుకున్నా చాలు, కాడెట్లు మూడుతో సరిపెట్టుకోవాలి. చట్టం రాసిన మండలికి నాయకుడు కాడెట్టే కావడం గురించి ఎవరైనా అడగవచ్చు. అయితే ఇదే పద్ధతి ఊళ్ళల్లో ఎస్సార్లకు ఇంకా ఎక్కువ మేలు చేసింది, కాబట్టి అందులో కుట్ర వెతకనక్కర్లేదు.

జూన్ 29

ఈ వారం కట్టిన ఆగస్టు పొరే బల్ల మొత్తంలో నాకు నచ్చిన భాగం.

అదే ఏడాది ఆగస్టు 20న పెట్రోగ్రాడ్ నగర దూమా (మునిసిపల్ కౌన్సిల్ అనుకోండి) ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఎస్సార్లు 2,05,659, బోల్షివిక్కులు 1,83,624, కాడెట్లు 1,14,483, మెన్షివిక్కులు 23,552. అదే కొలతలో పట్టీలు: 411.3, 367.2, 229.0, 47.1. వీటికి రంగు వెయ్యలేదు, పచ్చి చెక్కగానే ఉంచి, నవంబరు పట్టీల వెనక నిలబెట్టాను.

పక్కకు జరిగి చూస్తే మూడు నెలల రాజకీయం మొత్తం కనిపిస్తుంది. పచ్చి చెక్క వెనక నుంచి ఎరుపు రెండింతలకు మించి పైకి లేచింది. ఆకుపచ్చ కూడా రెండింతలు దాటింది! దీన్ని చాలామంది పట్టించుకోరు. మధ్యలో పసుపు ఒక్కటే పచ్చి చెక్క కన్నా వంద మిల్లీమీటర్లు కిందకి కుంగింది. ఓటేసినవాళ్ళే ఐదున్నర లక్షల నుంచి తొమ్మిది లక్షలకు పైకి వెళ్ళినా, ఎస్సార్లకు యాభై మూడు వేలు తగ్గాయి.

నగరం రెండుగా చీలింది. కార్మికులు, దండులోని సైనికులు ఒకవైపు. పెట్రోగ్రాడ్ దండు ఓట్లలో ఐదింట నాలుగు వంతులు బోల్షివిక్కులవే. వీబోర్గ్ వైపు ఫ్యాక్టరీ వాడలు వాళ్ళ కంచుకోట. రెండోవైపు నగరం నడిబొడ్డున ఉద్యోగులు, దుకాణదారులు, చదువుకున్నవాళ్ళు. బోల్షివిక్కులను ఆపాలనుకున్నవాళ్ళు మెత్తటి సోషలిస్టులను వదిలేసి నేరుగా కాడెట్ల దగ్గరకు వెళ్ళారు. కాడెట్ల పత్రిక 'రేచ్'ను అధికారం మారిన మర్నాడే మూయించినా (కొన్నాళ్ళు వేరే పేర్లతో వచ్చింది), ఈ ఓట్లు పడ్డాయి. నడుమ నిలబడ్డవాళ్ళ కాళ్ళ కింద నేల కదిలిపోయింది. అక్టోబరులో బోల్షివిక్కులు కూల్చిన కెరెన్‌స్కీ ప్రభుత్వంలో కూర్చుని యుద్ధం ఆపలేక, భూమి పంచలేక పోయినందుకు అది చెల్లించిన మూల్యం అని నా అభిప్రాయం.

జూలై 5

పసుపు పట్టీ గురించి ఒక చిన్న కార్డు రాయాల్సి వచ్చింది. రాజ్యాంగ సభ ఫలితాన్ని ఒప్పుకోకపోవడానికి బోల్షివిక్కులు ముందుపెట్టిన వాదన ఒకటుంది: ఎస్సార్ పార్టీ కుడి, ఎడమలుగా చీలకముందు జాబితాలు తయారయ్యాయి, రైతు ఎవరికి వేశాడో అతనికే తెలియదు, అని. దేశంలో చాలాచోట్ల ఆ మాటలో పస ఉంది. కాని పెట్రోగ్రాడ్‌లో అది చెల్లదు. ఇక్కడ ఎస్సార్ సంస్థ వామపక్షం చేతిలో ఉంది, ప్రధాన జాబితా వాళ్ళదే. యుద్ధాన్ని సమర్థించే కుడివాళ్ళు వేరే జాబితా పెట్టుకున్నారు, వాళ్ళకు ఐదు వేల ఓట్లు కూడా రాలేదు. అంటే ఇక్కడి ఓటరుకు రెండూ ఎదురుగా ఉన్నాయి, చూసి వేశాడు. ఆ 1,52,230 ఓట్లను దేశంలోని మిగతా ఎస్సార్ ఓట్లతో ఒకే గాటన కట్టకూడదు. కార్డు మీద ఇది మూడు వాక్యాల్లో ఇరికించాను, నాలుగో వాక్యానికి చోటు లేదు.

జూలై 6

దారం ఆలోచన పెట్రోగ్రాడ్‌కు అచ్చొచ్చింది గనక పనిచేసిందా, ఎక్కడైనా పనిచేస్తుందా అని మాస్కో నగరాన్ని కాగితం పట్టీలతో కోసి చూశాను. మాస్కోకు 10 సీట్లు. ఓటింగు అక్కడ వారం ఆలస్యం, నవంబరు 19 నుంచి 21. బోల్షివిక్కులు 3,66,148, కాడెట్లు 2,63,859, ఎస్సార్లు 62,260.

ఫలితం 5, 4, 1. చివరి సీటు ఎస్సార్ల ఏకైక సీటు: 62,260. దాని వెనకే బోల్షివిక్కుల ఆరో అంకె 61,025. ఇక్కడా అదే తంతు. రెండు నగరాల్లోనూ ఆఖరి సీటు బోల్షివిక్కుల చేతి దాకా వచ్చి జారింది. పెట్రోగ్రాడ్‌లో కాడెట్లకు, మాస్కోలో ఎస్సార్లకు. అక్కడ ఏడు వేల మూడొందల యాభై తొమ్మిది ఓట్లు తక్కువైతే ఇక్కడ 7,413.

మేనల్లుడు మాస్కో కాగితాలను పెట్రోగ్రాడ్ దారం ముందు నిలబెట్టాడు. దారాన్ని కదపలేదు. 122.5 మి.మీ. దగ్గర ఉంది. మాస్కో తలలు లెక్కపెడితే సరిగ్గా పది! నేను నమ్మక మళ్ళీ కాగితం మీద వేశాను. సీటుకు 61,250 ఓట్లు అనుకుంటే పెట్రోగ్రాడ్‌లో 6, 4, 2; మాస్కోలో 5, 4, 1. ఒకే ధర రెండు నగరాలకూ సరిపోతోంది. సీట్లను జనాభాను బట్టి కేటాయించారు కాబట్టి ధరలు దగ్గరగా ఉండడం వింత కాదు, కాని ఇంత దగ్గరగా ఉంటాయని అనుకోలేదు. దీంతో బల్ల డిజైను మారింది: పక్కకమ్మీలను మరో అర మీటరు వెడల్పుకు జరిపి, రెండు నగరాలనూ ఒకే దారం కింద నిలబెడతాను. మాస్కో పట్టీలకు మళ్ళీ అడితికి వెళ్ళాలి.

జూలై 13

మాస్కో పట్టీలు కోయడం, రంగులు అయిపోయాయి. ఎనామిల్ ఒక పూతే వేశాను, తలల మీద అసలు వెయ్యలేదు. పూత మందం కూడా కొలతే.

గ్రంథాలయంలో ఒక పెద్దాయన బల్ల చూసి అడిగారు: "ఈ పన్నెండుమందీ చివరికి ఏమయ్యారండీ?" బల్ల దానికి జవాబు చెప్పదు. చెప్పాలా వద్దా అని నాలుగురోజులు నాతో నేనే వాదించుకున్నాను. ఓట్లు సీట్లుగా మారడం ఒక పని, ఆ సీట్లు బతకడం ఇంకో పని, రెండూ కలిపితే మొదటిది ఎవరూ చూడరు అని ఒక వాదన. చెప్పకపోతే ఆ సీట్లు ఏదో సాధించాయని అనుకుంటారు అని ఇంకోటి. రెండోదే గెలిచింది. సీట్ల పట్టీల వెనక అయస్కాంతాలు పెట్టాను, తీయవచ్చు. పక్కన తేదీలతో ఒక కార్డు.

నవంబరు 28: కాడెట్ పార్టీని ప్రజాశత్రువుల పార్టీగా ప్రకటిస్తూ ఉత్తర్వు. ఆ రోజే కాడెట్ నాయకురాలు సోఫియా పానినా ఇంట్లో ఉన్న కాడెట్ నాయకులు కోకోష్కిన్, షింగార్యోవ్, దోల్గోరూకోవ్‌ల అరెస్టు. కాడెట్లు సభలో కూర్చునే మాటే లేదు, కాబట్టి నాలుగు ఆకుపచ్చ పట్టీలు తీసేయాలి. 1918 జనవరి 5: తావ్రిచెస్కీ భవనంలో సభ. అధ్యక్ష పదవికి ఎస్సార్ల నాయకుడు చెర్నోవ్‌కు 244, బోల్షివిక్కులు బలపరిచిన వామ ఎస్సార్ నాయకురాలు స్పిరిదోనొవాకు 153. బోల్షివిక్కులు తెచ్చిన శ్రామిక ప్రజల హక్కుల ప్రకటనను చర్చకు తీసుకోవడానికి సభ 237కు 146 ఓట్లతో ఒప్పుకోకపోయేసరికి బోల్షివిక్కులు లేచిపోయారు. ఆరు ఎరుపు పట్టీలు. ఆ రాత్రే కొంతసేపటికి వామ ఎస్సార్లు కూడా. తెల్లవారుజామున కాపలా నావికుడు జెలెజ్న్యకోవ్ కాపలావాళ్ళు అలసిపోయారని చెప్పి సభ ముగించమన్నాడు. మర్నాడు రద్దు ఉత్తర్వు. చట్టం రాసిన కోకోష్కిన్‌ను, షింగార్యోవ్‌తో పాటు, ఆ తర్వాతి రాత్రి ఆసుపత్రి మంచం మీదే నావికులు కాల్చి చంపారు.

కార్డులో ఇంతకు మించి రాయలేదు. పట్టీలు తీసి పెట్టుకోవడానికి కింద ఒక తొట్టి అమర్చాను, పిల్లలు జేబులో వేసుకుపోకుండా దానికి మూత కూడా.

జూలై 20

బల్ల గోడకెక్కింది. బరువు అనుకున్నదానికన్నా ఎక్కువ, నాలుగు ఫిషర్ స్క్రూలు కొట్టాల్సి వచ్చింది. నైలాను దారం వారానికోసారి బిగించాలని గ్రంథాలయం అబ్బాయికి చూపించాను. అది సాగితే మొదట పోయేది కాడెట్ల నాలుగో సీటు కాదు, పదమూడో కుర్చీ పుట్టుకొస్తుంది.

ఇక బాల్టిక్ నౌకాదళం మిగిలింది. దాన్నీ కట్టాలని ఉంది గాని ఈ బల్ల దానికి పనికిరాదు. అక్కడ జాబితాలకు బదులు నావికులు మనుషుల పేర్లకే ఓటేశారు, సీట్లు రెండే, లెనిన్, బోల్షివిక్ నావికుడు దిబెంకో గెలిచారు. భాగహారం లేదు, దారం లేదు. ఓడల బొమ్మలతో ఏదైనా చేయొచ్చేమో. మిగిలిన టేకు ముక్కలు కొలిచి చూశాను, మీటరున్నర ఉంది.